దంపతుల నడుమ హృద్రోగము: దాచుట ప్రేమయగునా?

పిల్లలకు సత్యము పలుకవలెనని బోధించుట నా వృత్తి. దాదాపు ముప్పది సంవత్సరములుగా తెలుగు పాఠములు చెప్పుచు ఆ యొక్క మాటను ఎన్ని విధముల చెప్పియుంటినో లెక్కలేదు. అట్టి నేను నా ఇల్లాలి యెదుట ఏడు మాసములు అసత్యమాడితిని. నోటితో ఆడినది స్వల్పము. తలగడతో ఆడినదే అధికము. ఆ సంగతి చెప్పి, దాని వెంట వచ్చు ధర్మప్రశ్నను పాఠకుల యెదుట నుంచవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాను. గుండెజబ్బు ఎరుగని బంధువర్గము నేడు అరుదు గనుక, ఇది నా యొక్కని గోడు కాదని నమ్ముచున్నాను.

2021వ సంవత్సరమున నాకు గుండెపోటు వచ్చినది. నగరమునందలి ఒక ఆసుపత్రిలో పూడిన రక్తనాళమును తెరచి స్టెంట్ అమర్చిరి. ప్రాణము నిలిచినది. ఇంటికి చూడవచ్చిన బంధువులందరు గండము గడిచినదనిరి. వారి మాట సగమే నిజము. గుండెపోటున కొంత కండరము చచ్చిపోవును. చచ్చిన కండరము మరల మొలవదు. ఆరోగ్యవంతుని గుండె ఎడమ గదిలో నిండిన రక్తములో ప్రతి స్పందనకు ఇంచుమించు 55 మొదలు 70 శాతము వరకు బయటికి నెట్టును. నా గుండె 35 శాతము నెట్టుచున్నదని ఎకో పరీక్షలో తేలినది. ఇది జ్వరమువలె వచ్చి పోవునది కాదు. చుట్టముగా వచ్చి ఇంటి మనిషిగా నిలిచిపోవునది. దానితోనే లేవవలెను, దానితోనే పండుకొనవలెను.

పండుకొనుట యొద్దనే చిక్కు వచ్చినది. గుండె బలహీనమైనపుడు ఒంట నీరు నిలుచును. పగలు కాళ్ళలో దిగియుండు ఆ నీరు, వెల్లకిల పండుకొనగనే రొమ్ము వైపునకు మరలివచ్చి ఊపిరితిత్తులను బరువెక్కించును. ఊపిరాడదు. తల ఎత్తుగా పెట్టుకొన్నచో కొంత నెమ్మది. అందుచేత నేను రెండవ తలగడ వేసికొంటిని. "ఏమండీ, రెండు దిండ్లెందుకు?" అని ఆమె అడిగినపుడు "మెడ పట్టేసింది" అంటిని. కొన్ని మాసములకు మూడవ తలగడ వచ్చినది. అప్పుడామె అడుగలేదు. తెల్లవారి నేను "నిద్ర పట్టిందా?" అన్నచో "బాగానే పట్టింది" అనెడిది. నేను సంతోషించెడివాడను.

ఒకనాటి అర్ధరాత్రి ఊపిరితిత్తులు నీటితో నిండి, కూర్చుండియు గాలి అందక, 108 వాహనములో ఆసుపత్రికి పోవలసి వచ్చినది. మరునాడు వైద్యుడు "ఎన్నాళ్ళ నుంచి ఎత్తు పెట్టుకుని పడుకుంటున్నారు మాస్టారూ?" అని నన్నడిగెను. నేను మెడ నొప్పి కథ ఎత్తుకొనబోవుచుండగా, మంచము ప్రక్కన నిలిచియున్న నా ఇల్లాలు "ఏడు నెలలైంది సార్. నాలుగు నెలల నుంచి రాత్రిళ్ళు ఈయన ఊపిరి వింటూ కూచుంటున్నాను" అనెను.

ఆమెకు తెలియును. ఆమెకు తెలిసినట్లు నాకు తెలియదు. ఒకే మంచముపై ఇద్దరము మేలుకొని, ఒకరి కొరకు ఒకరము నిద్ర నటించితిమి. ఇద్దరిదియు ప్రేమయే. ఆ ప్రేమ నన్ను చావు గడప వరకు తీసికొనిపోయినది. కావున ప్రశ్న ఇది: రోగమునందు భార్యాభర్తలు ఒకరి మేలుకై యొకరు దాచుట ధర్మమా?

తేలికగా అధర్మమని త్రోసివేయుటకు వీలులేదు. అప్రియమైన సత్యమును చెప్పరాదని పెద్దలు చెప్పియున్నారు. రోగి మనస్సు కలతపడరాదని వైద్యులును చెప్పుదురు. "నాన్నకు చెప్పవద్దు, తట్టుకోలేడు" అను మాట ప్రతి కుటుంబమున వినబడును. దాని వెనుక కరుణ యున్నది. ఆ కరుణను పరిహసించుట నా ఉద్దేశము కాదు. అయితే ఒక మెట్టు దిగి పరీక్షించవలెను: ఈ మౌనము ఎవరి కొరకు?

నా సంగతి నేను చెప్పుకొందును. ఆమె బాధపడునని దాచితినని చాల కాలము నమ్మితిని. ఆసుపత్రిలో ఐదు దినములు పైకప్పు చూచుచు పండుకొన్నపుడు అది పూర్తిగా నిజము కాదని తోచినది. చెప్పినచో ఊరగాయ పోవును. బస్సు ప్రయాణము పోవును. బడికి సెలవు పెట్టుమందురు. అన్నిటికంటె మించి, ఇంటికి ఆధారమైన వాడను నేననెడి స్థానము పోవును. ఆమె కన్నీటికి కాదు, ఆ స్థానభ్రంశమునకు భయపడితిని. ఆమెను తరువాత అడిగితిని. "నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయమండీ. అడిగితే మీరు కసురుకుంటారని కూడా" అనెను. ఆ రెండవ మాట విని తల వంచుకొంటిని.

దంపతులు ఇట్లు దాచుకొనుటను గూర్చి పాశ్చాత్య మనశ్శాస్త్రవేత్తలు పరిశోధించియున్నారు. 1991లో అమెరికాలో కోయిన్, స్మిత్ అను వారు గుండెపోటు వచ్చిన పురుషుల భార్యలను పరిశీలించి, తమ చింతను భర్తకు కనబడనీయక కడుపులో పెట్టుకొన్నవారికి మనఃక్లేశము అధికముగ నున్నదని కనుగొనిరి. 1997లో వెలువడిన మరియొక పరిశీలన రోగుల వైపు చూచినది. గుండెపోటు వచ్చిన తొలి మాసములలో భార్యకు తెలియకుండ భయమును దాచుకొన్న భర్తలకే మాసములు గడచిన కొలది క్లేశము పెరిగినది. దాచుటవలన దాచినవానికే బరువు హెచ్చినదన్నమాట.

ఇక్కడ నేనొక భేదము చూపవలెను. రోగి చెప్పవలసినవి రెండు జాతులు. ఒకటి ఒంటి చిహ్నములు. రెండవది మనసులోని భయము. ఈ రెంటికి ఒకే నియమము వర్తించదు.

ఒంటి చిహ్నములు నా సొత్తు కావు. రెండు మూడు దినములలో రెండు కిలోల బరువు పెరిగినచో అది కొవ్వు కాదు, నీరు. మడమల వద్ద వ్రేలితో నొక్కినచో గుంట నిలుచుట, నిన్న ఆగకుండ ఎక్కిన మెట్లకు నేడు ఆగవలసి వచ్చుట, తలగడ చాలకపోవుట, రొమ్మున బిగువు, దాని వెంట చెమట, ఎడమ చేతిలోనో దవడలోనో నొప్పి: ఇవి కనబడిన క్షణముననే ఇంటిలో చెప్పవలెను. ఏలయన నేను దాచిన దాని ఫలమును అర్ధరాత్రి అనుభవించునది ఆమె. వీధిలోనికి పరుగెత్తునది ఆమె. నాలుక క్రింద పెట్టుకొను మాత్ర ఏ డబ్బాలో నున్నదో వెదకునది ఆమె. (ఆ మాత్ర వేసికొనునపుడు కూర్చుండవలెను, రక్తపు పోటు పడి కళ్ళు తిరుగవచ్చును, ఐదు నిమిషములలో నొప్పి తగ్గనిచో ఇంకొక ఆలోచన లేక 108కి ఫోను చేయవలెను. ఈ రెండు ముక్కలు ప్రతి ఇంటి గోడమీద వ్రాసిపెట్టదగినవి.) ఇతరుల మీద పడబోవు భారమును వారికి తెలియనీయకుండుట దయ కాదు, అపహరణము. వారు సిద్ధపడుటకు గల కాలమును మనము దొంగిలించుచున్నాము.

భయము సంగతి వేరు. తోచిన ప్రతి దుశ్శంకను తోచినపుడెల్ల చెప్పినచో ఇల్లు ఇల్లుగా నుండదు. దానికి వేళ కావలెను. మేము రాత్రి భోజనమైన పిదప గిన్నెలు సర్దు సమయమును ఏర్పరచుకొంటిమి. చేతికి పని యున్నపుడు కన్నులు కలియనక్కరలేదు గనుక మాట తేలికగా వచ్చును. ఒక రాత్రి ఆమె, నేను పోయినచో కొడుకు ఇంటికి పోవుటకు తనకిష్టము లేదని, ఈ ఊరిలోనే యుండెదనని చెప్పెను. ముప్పదేండ్ల కాపురమున ఆమె అభిప్రాయము నాకు తెలియునని అనుకొంటిని, తెలియదు. ఆ వారముననే బ్యాంకు పుస్తకములు, పింఛను కాగితములు, నామినీ పేర్లు సరిచూచితిమి.

అయితే సత్యము బయటపడగనే కథ సుఖాంతమైనదని పాఠకులు తలపరాదు. దాచుట అను దోషము పోయి, కావలి కాయుట అను దోషము వచ్చినది. ఆసుపత్రి నుండి వచ్చిన మరునాడే ఊరగాయ జాడీలు అటకెక్కినవి. అప్పడములు, వడియములు మాయమైనవి. నేను లేచిన "ఎక్కడికి?", కూర్చుండిన "ఆయాసమా?" అను ప్రశ్నలు. ఎంత కావలి పెరిగెనో అంత దొంగతనము పెరిగెను. సహోపాధ్యాయుని యింట మామిడికాయ ముక్క, బస్సుస్టాండు వద్ద మిరపకాయ బజ్జీ. యాబదియైదేండ్ల పంతులు చేతులు కడిగికొని మూతి తుడుచుకొని ఇంటికి వచ్చుట ఎంత హీనమో ఊహింపుడు. నన్ను నేను బాలునిగా చేసికొంటిని. ఆమెను జైలు అధికారిణిగా చేసితిని. ఆమె కోరి ఆ ఉద్యోగములో చేరలేదు.

ఈ సందర్భమున మన శరణులలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు నాకు గుర్తు వచ్చినారు. కల్యాణమున నేలరాలిన బియ్యపుగింజలు ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యము తెచ్చు దానికంటె ఎక్కువ తెచ్చెను. ఇంత మనకెందుకు, మరల పోసిరమ్మని లక్కమ్మ మందలించెను. ఈ కథను మనము ఆశను విడువుమను బోధగనే చెప్పుకొనుచుందుము. నాకిప్పుడు వేరొక అందము కనబడుచున్నది. ఆమె కొలత భర్తకు మాత్రమే పెట్టిన కొలత కాదు. ఆ యింటికంతకును పెట్టిన కొలత. ఆ యన్నము తానును తినునది. అందుచే ఆ మందలింపులో అధికారపు వాసన లేదు.

మా యింటిలోను అదే మార్గము పట్టితిమి. వంట ఒకటే, ఉప్పు తక్కువ. పెద్దలకు దినమునకు 5 గ్రాములకు తక్కువగా ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. అనగా చిన్న చెంచాడు. ఇది గుండెజబ్బు వారికే కాదు, అందరికి చెప్పిన మాట. మా వైపు జొన్నరొట్టెలో ఉప్పు వేయు అలవాటు మొదటినుండి లేదు గనుక సగము చిక్కు తీరినది. నంజుకొను దానిలోనే జాగ్రత్త. మరి ఆరోగ్యముగా నున్న భార్య భర్త కొరకు ఆవకాయ పూర్తిగా మానవలెనా? మానవలెనని కొందరు ఇల్లాండ్రు వ్రతముగా పట్టుట చూచితిని. నాకది సమ్మతము కాదు. ఒకరి నాలుకకు శిక్ష వేసి ఇంకొకరి గుండెకు సాయపడలేము. జాడీ అటక దిగినది. నా యెదుటనే ఆమె వారమునకొకసారి వేసికొనును. నేను చూచి ఊరకుందును. మొదటి నెల కష్టమైనది.

రోగికి పని చెప్పరాదను భయము మరియొక కావలి. మా బడిలో నా తరగతి రెండవ అంతస్తున నున్నది. మెట్లెక్కరాదని ఆమె పట్టుపట్టెను. వైద్యుడు నెమ్మదిగా ఎక్కవచ్చునని చెప్పినను ఆమెకు నమ్మకము లేదు. ఇట్టి భయమును గూర్చి 1985లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున టేలర్, బండూరా మొదలగువారు చేసిన ప్రయోగము మిక్కిలి మనోహరము. గుండెపోటు వచ్చి కొన్ని వారములైన భర్తలను ట్రెడ్‌మిల్ అను నడక యంత్రముపై నడిపించి పరీక్షించిరి. కొందరు భార్యలు బయటనే యుండిరి. కొందరు ప్రక్కన నిలిచి చూచిరి. కొందరు మాత్రము చూచుటయే కాక, భర్త నడిచినంత వేగమున, అంత ఎత్తున, మూడు నిమిషములు తామే ఆ యంత్రముపై నడిచిరి. బయటనున్నవారికిని చూచినవారికిని భర్త గుండెపై నమ్మకము అంతంత మాత్రమే. తామే నడిచి రొప్పినవారికి మాత్రము "ఇంత శ్రమ ఈ గుండె ఓర్చినదా!" అను విశ్వాసము భర్తతో సమానముగ కలిగినది.

ఇది చదివి ఒక ఆదివారము ఆమెను బడికి పిలుచుకొనిపోతిని. ఇద్దరము కలిసి రెండంతస్తులు ఎక్కితిమి. పైకి చేరుసరికి ఆమెయే మోకాళ్ళు పట్టుకొని నా కుర్చీలో కూలబడెను. "మీకంటే నాకే ఆయాసం" అని నవ్వెను. గుండెపోటు తరువాత మా యింట వినబడిన మొదటి నిండు నవ్వు అదియేనని చెప్పినచో అతిశయోక్తి కాదు. ఇంకొక సంగతి. రెండంతస్తులు నొప్పి లేకుండ, అతిగా రొప్పకుండ ఎక్కగల స్థిమితపడిన రోగి సాధారణముగా దాంపత్య సుఖమునకును అర్హుడేయని వైద్యులు చెప్పుదురు. దీనిని అడుగుటకు మనవారికి సిగ్గు. అడుగక, భయముచే వేరువేరు గదులలో పండుకొని, అది వైరాగ్యమని పేరు పెట్టుకొను దంపతులు కలరు. వారు వైద్యుని నడుగవలెను. సిగ్గుపడవలసినది లేదు.

తెలుగు పండితుడను గనుక వ్యాకరణము ఒక్క ముక్క చెప్పనిండు. ఇంగ్లీషువారికి ఉత్తమ పురుష బహువచనమునకు ఒకటే మాట. మనకు రెండు: మేము, మనము. 'మేము' అన్నచో వినువాడు వెలుపల నుండును. 'మనము' అన్నచో లోపలికి వచ్చును. 2008లో అమెరికాలో రోర్‌బా అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును గుండె బలహీనపడిన రోగులతో, వారి జీవిత భాగస్వాములతో సంభాషించి, వారు వాడిన సర్వనామములను లెక్కించిరి. రోగమును గూర్చి చెప్పునపుడు భాగస్వామి నోట ఈ బహువచనము ఎక్కువగా వచ్చిన ఇండ్లలో, తరువాతి ఆరు మాసములలో రోగి లక్షణములు మెరుగుపడుట కనబడినది. సర్వనామము ఔషధమని నేననుట లేదు, మాత్రలు మానరాదు. కాని మొదట ఆసుపత్రిలో నా ఇల్లాలు "ఈయన మాట వినరు సార్" అనెడిది, నేను "ఈమె ఏమీ తిననీయదు" అనెడివాడను. ఇటీవల ఆమె "మనం ఈ నీళ్ళ మాత్ర పొద్దున్నే వేసుకుంటే ప్రయాణానికి ఇబ్బంది కదా సార్, పది గంటలకు వేసుకోవచ్చా?" అని అడిగెను. ఆ మాత్ర ఆమె వేసికొనదు. వైద్యుడు చిరునవ్వు నవ్వి, ప్రయాణపు దినములలో వేళ మార్చుకొనవచ్చుననెను.

ఇంతవరకు భర్త రోగియైన కథ చెప్పితిని. భార్య రోగియైనపుడు ఏమగుచున్నది? ఇది చెప్పుటకు నాకు మనసు బరువగుచున్నది. మా వీధిలో ఒక యిల్లాలికి వారము దినములు అలసట, వికారము, వీపున నొప్పి. గ్యాసనుకొని వాము నీళ్ళు త్రాగెను. స్త్రీలకు గుండెపోటు అనేక పర్యాయములు ఇట్లే, రొమ్ములో పెద్ద నొప్పి లేక, ఆయాసముగా, నీరసముగా వచ్చును. ఆమెకే తెలియదు, ఇంటివారికి అసలు తెలియదు. ఆలస్యముగా ఆసుపత్రికి పోయి బ్రతికి వచ్చెను. వచ్చిన పదవ దినమున పొయ్యి యొద్ద నిలిచియుండుట చూచితిని. భర్త చెడ్డవాడు కాడు. "విశ్రాంతి తీసుకో" అని దినమునకు పదిమార్లు చెప్పును. పదునొకండవ మారు టీ పొడి ఎక్కడనున్నదని అడుగును. ఆమె లేచి ఇచ్చును. గుండె బలహీనపడిన 189 మంది రోగులను, వారి భాగస్వాములను అమెరికాలో కోయిన్ మొదలగువారు పరిశీలించి, 2001లో నాలుగేండ్ల ఫలితమును, 2006లో ఎనిమిదేండ్ల ఫలితమును ప్రకటించిరి. దాంపత్యము అన్యోన్యముగ నున్నవారు ఎక్కువ కాలము జీవించిరి. ఆ సంబంధము పురుష రోగులకంటె స్త్రీ రోగులలో బలముగ కనబడినది. భర్తలు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెనని ప్రార్థన. పతిసేవను గూర్చి మనము వ్రాసిన పుటలకు లెక్కలేదు. టీ పొడి డబ్బా ఎక్కడనున్నదో తెలిసికొనుటను గూర్చి ఎవరును వ్రాయలేదు.

విందులు చేయు గృహస్థులకు ఒక విన్నపము. వడ్డించునపుడు "ఒక్కరోజుకి ఏం కాదు, తినండి మాస్టారూ" అని బలవంతపెట్టకుడు. మీది మర్యాదయే. కాని అంతవరకు ఆ దంపతులు కలిసి నిలిపిన కొలతను మీరు ఒక గరిటెతో చెరపుచున్నారు. వద్దనుటకు రోగికి మొగమాటము. వద్దని చెప్పిన భార్యకు గయ్యాళి యను పేరు.

మా పడకగదిలో తూకపు యంత్రము ప్రక్కన ఒక నోటుపుస్తకము వ్రేలాడుచుండును. ప్రతి ఉదయము మూత్రవిసర్జనానంతరము, ఏమియు తినక ముందు తూగి అందులో అంకె వ్రాయుదును. కొన్నాళ్ళుగా ఆమెయు తూగి రెండవ గడిలో తన అంకె వ్రాయుచున్నది. నేడు నా గడిలో 61.6 అని వ్రాసితిని. నిన్న 60.9. ఆమె కళ్ళద్దములు పెట్టుకొని చూచి, "నిన్న పెళ్ళిలో సాంబారు రెండుసార్లు పోయించుకున్నట్టున్నారే" అనెను.

మూడుసార్లని చెప్పితిని.